మాసికల దొంగ

"బుర్నూస్ పోయింది! ఇరవై రెండేళ్ల నా బుర్నూస్! పట్టపగలు, మా డాబా మీద దండెం మీంచి ఎత్తుకుపోయారు!"

హాజ్ మాతీ ఈ కేక పెట్టేసరికి ఐన్ హజ్లాలో సగం ఊరు బూఅజ్జా కొట్టు ముందు చేరింది. మిగతా సగం అప్పటికే అక్కడుంది.

పాఠకుల్లారా, ఒక్క క్షణం! చలికాలానికి కప్పుకునే ఉన్ని అంగీ పోగొట్టుకున్న ఆ పెద్దాయన మీద మీరు జాలిపడబోతున్నారు. పడకండి. ఏ ఊళ్లో పాతబట్టలు మాయమవుతాయో ఆ ఊరికి మంచిరోజులు వచ్చినట్టే. ఇది నా దృఢమైన అభిప్రాయం. ఎందుకో చెబుతాను. ముందు ఆ గుంపు బూఅజ్జాను ఏం చేస్తుందో చూద్దాం.

బూఅజ్జా ముప్పైనాలుగేళ్లుగా మసీదు వారి కొట్టులో కూర్చుని చిరుగులకు మాసికలు వేస్తున్నాడు. పురుగు కొట్టిన ఉన్నికి రఫూ చేస్తాడు. కొట్టు ఎంత ఇరుకంటే, అతను దారం లాగినప్పుడల్లా మోచెయ్యి వీధిలోకి వస్తుంది. ఆ మోచేతిని తప్పుకుని నడవడం ఊళ్లో గాడిదలకు కూడా అలవాటే.

"నెల రోజుల్లో ఇది పద్నాలుగోది," అన్నాడు హాజ్ మాతీ వేలు చూపిస్తూ. ఊరికి పెద్ద ఆయనే, మసీదు ఆస్తులు చూసేదీ ఆయనే. "పంతులు కోటు పోయింది. రొట్టెల బట్టీవాడి చొక్కా పోయింది. ఇప్పుడు నా బుర్నూస్. పద్నాలుగూ నీ చేతి మాసిక పడ్డవే! పక్కనే ఆరేసిన కొత్తబట్ట ఒక్కటీ కదల్లేదు. దీనికేమంటావురా?"

"ఏమంటాను హాజ్, నా పనితనం దొంగగారికి నచ్చినట్టుంది."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు రావాల్సిన సమయం కాదది.

"హాస్యాలాడకు! ఏ ఇంట్లో ఏ బట్టకి ఎక్కడ కుట్టుందో నీకు తప్ప ఎవడికి తెలుసు?"

"నా పొడుగంగీ, ఆ జెల్లాబా కూడా పోయిందిగా? అది మా నాన్నది. ఆయన పోయాక పందొమ్మిదేళ్లు నేను తొడిగాను."

"దొంగన్నవాడు అనుమానం రాకుండా తన ఇంట్లోనూ ఒకటి ఎత్తుతాడు. ఈ ఎత్తులు నాకు తెలియవా?"

"మీకెలా తెలుసు హాజ్?" అని వెనకనుంచి ఒక గొంతు అమాయకంగా అడిగింది. హాజ్ వెనక్కి తిరిగి చూశాడు. అన్ని ముఖాలూ అమాయకంగానే ఉన్నాయి.

"శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యేసరికి దొంగ పేరన్నా చెప్పు, కొట్టు తాళంచెవన్నా నా చేతిలో పెట్టు. మసీదు కొట్టులో దొంగను కూర్చోబెట్టి దేవుడికి జవాబు చెప్పుకోలేను."

ఆ మాట అనేసి ఆయన గిర్రున తిరిగి వెళ్లిపోయాడు. వెళ్తుంటే ఒంటిమీది కొత్త ప్లాస్టిక్ జాకెట్ కరకరలాడింది. బుర్నూస్ పోయిన గంటలోనే బజారులో కొన్నాడు దాన్ని. పాపం, ఆ జాకెట్ తొడిగాక ఆయన ఎక్కడున్నాడో ఊరందరికీ ముందే తెలిసిపోతోంది.

మంగళవారం సంగతి ఇది. బూఅజ్జాకి మిగిలింది మూడు రోజులు. సూది తప్ప మరో ఆయుధం పట్టనివాడు దొంగను పట్టాలి!

ఇప్పుడు నా వాదన వినండి.

ఆరునెలల కిందటి దాకా ఐన్ హజ్లా చీకట్లో ఉండేది. అక్కడ ఒక జెల్లాబా తండ్రి ఒంటి మీద పదేళ్లు బతికేది. తర్వాత కురచ చేస్తే పెద్దకొడుక్కి, ఇంకా కురచ చేస్తే చిన్నకొడుక్కి వచ్చేది. మోకాళ్లు పోయాక మసిగుడ్డ అయ్యేది. మసిగుడ్డగా కూడా పనికిరాని రోజున పీలికలై మగ్గమెక్కి, రంగురంగుల తివాచీ అయి, మళ్లీ ఆ కుటుంబం కాళ్ల కిందికే చేరేది. కూర్చున్నప్పుడు ముసలమ్మలు ఒక్కో చారనే వేలితో తడిమి, "ఇది మీ తాత, ఇది మీ చిన్నత్త పెళ్లి" అని చెప్పేవాళ్లు.

ఘోరం ఏమిటంటే, ఇదంతా వాళ్లు అవగాహన లేకుండానే చేసేవాళ్లు! ఒక్కరికి ట్రైనింగ్ లేదు. ఒక్కరి దగ్గర సర్టిఫికెట్ లేదు. వందల ఏళ్లుగా ఒక జనమంతా తెలియకుండానే మంచిపని చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం న్యాయమా?

అందుకే కాసాబ్లాంకా నుంచి మదామ్ కెన్జా వచ్చింది. 'రెండో జన్మ' అని ఆవిడ సంస్థ పేరు. పాతబట్టలను పారేయకుండా కొత్త వస్తువులుగా మార్చడం గురించి బడి ఆవరణలో మూడు రోజుల అవగాహన సదస్సు పెట్టింది. ఎన్నడూ బట్ట పారేయని నూట ఇరవైమంది చాపల మీద కూర్చుని, బట్టలు పారేయకూడదని శ్రద్ధగా నేర్చుకున్నారు.

కరపత్రాలు పంచారు. 'ఏ బట్టనైనా కనీసం ముప్పైసార్లు తొడగండి' అని ఉంది వాటిలో. బూఅజ్జా అది చదివి కంగారుపడి, ఆ ఊళ్లో ఆడవాళ్లని గౌరవంగా పిలిచే మాటతో మదామ్‌ని పిలిచాడు.

"లల్లా, ముప్పైసార్లు అయిపోయాక ఏం చేయాలి? నేనీ జెల్లాబాని ఎన్ని వేలసార్లు తొడిగానో! తప్పేమన్నా చేశానా?"

మదామ్ కెన్జా కళ్లు చెమర్చాయి. నోట్‌బుక్ తీసి 'స్థానికుల విజ్ఞానం' అని రాసుకుంది.

సదస్సు చివర్లో ఊరి ఆడవాళ్ల సంఘానికి ఆర్డర్ వచ్చింది. పాతగుడ్డల తివాచీలు అరవై! ఆరునెలల్లో! ఊరు ఊరంతా కలిసి ఏడాదికి ఆరేడు నేసేది. అయితేనేం? అవగాహన వచ్చాక కూడా పాత వేగంతోనే నడుస్తామా?

ఆ తర్వాత మొదలయ్యాయి దొంగతనాలు. ఊరు ఎంత మారిపోయిందో చూడండి!

బడిపంతులు ఇన్నాళ్లూ మోచేతుల దగ్గర తోలు మాసికలున్న కోటు తొడిగేవాడు. అది పోయింది. ఇప్పుడు ఆకుపచ్చ ట్రాక్‌సూట్‌లో లెక్కలు చెబుతున్నాడు. వెనకబెంచీ వాళ్లు ఆయన్ని 'కోచ్' అంటున్నారు. రొట్టెల బట్టీవాడు గుండె మీద ఏదో భాషలో ఏదో రాసున్న టీషర్టు తొడుక్కుని పిండి పిసుకుతున్నాడు. ఆ రాత ఏమిటో చదవగలిగిన ఒకే ఒక్క కాలేజీ పిల్ల అతని బట్టీకి రావడం మానేసింది. గురువారం సంతలో పల్చటి చొక్కాలు గుట్టలు పోసి అమ్ముతున్నారు. మొదటిసారి ఉతికితే అది చొక్కా, రెండోసారి ఉతికితే రుమాలు, మూడోసారి ఉతకాల్సిన పనే ఉండదు.

పాతబట్టలను కాపాడుకోవాలన్న అవగాహన వచ్చిన ఆరునెలల్లో, తాతలనాటి నుంచి కొననన్ని కొత్తబట్టలు కొంది ఐన్ హజ్లా! ఇంతకన్నా అభివృద్ధి ఏం కావాలి?

బుధవారం ఉదయం బూఅజ్జా కొట్టు మూసి విచారణకు బయల్దేరాడు.

పదమూడు ఇళ్లకు వెళ్లాడు. పదమూడు చోట్లా పుదీనా టీ ఇచ్చారు. పదమూడు చోట్లా ఇంటావిడ అతని ముఖంలోకి చూడకుండా టీ గ్లాసుతో మాట్లాడింది.

"ఎప్పుడు పోయిందమ్మా?"

"మధ్యాహ్నం. కాదు, పొద్దున. ఆరేశాను, పోయింది."

"ఎవరన్నా కనబడ్డారా?"

"గాలి కూడా కావచ్చు అన్నయ్యా. మొన్న చాలా గాలి."

"గాలి మాసికలున్నవే ఏరుకుని తీసుకెళ్లిందా?"

"ఇంకొంచెం పంచదార వేయమంటావా?"

ఇంట్లో దొంగ పడితే ఏ ఆడమనిషైనా నాలుగు వీధులకు వినబడేలా శాపనార్థాలు పెడుతుంది. ఇక్కడ దొంగను తిడుతున్నది మగవాళ్లు మాత్రమే. పదమూడు గ్లాసుల టీ తాగిన కడుపుతో బూఅజ్జా ఇంటికి నడుస్తూ ఇదే ఆలోచించాడు. అంతకుమించి ఏమీ తట్టలేదు.

గురువారం పొద్దున్నే హాజ్ మాతీ భార్య లల్లా తామూ కొట్టు ముందుకు వచ్చి నిలబడింది. ఆడవాళ్ల సంఘానికి ఆవిడే పెద్ద.

"రేపు లారీ వస్తోంది. తివాచీలకు లేబుళ్లు కుట్టాలి. మాకెవరికీ తీరిక లేదు. నువ్వు రా."

"నేనా? మీ ఆయన నన్ను దొంగ అంటున్నాడు లల్లా."

"దొంగవైతే అవుదువుగాని, కుట్టు మాత్రం నీదే తిన్నగా ఉంటుంది. లే."

సంఘం హాలులో అరవై తివాచీలు గుట్టగా పేర్చి ఉన్నాయి. లేబుళ్లు కాసాబ్లాంకాలో అచ్చయి వచ్చాయి. తెల్ల గుడ్డ మీద 'రెండో జన్మ' అని, దాని కింద నేసిన మనిషి పేరు. ఏ తివాచీకి ఏ పేరో చీటీలు గుచ్చి పెట్టారు. పక్కగదిలో ఆడవాళ్లు లారీ కోసం గోనెసంచులు సిద్ధం చేస్తున్నారు. బూఅజ్జా మొదటిదాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు.

సూది గుచ్చబోయి ఆగాడు.

గోధుమరంగు ఉన్ని చార మధ్యలో ఆకుపచ్చ దారంతో రఫూ చేసి ఉంది. గోధుమరంగు ఉన్నికి ఆకుపచ్చ దారం ఏ బుద్ధున్నవాడూ వాడడు. వరద వచ్చి రోడ్డు తెగిన ఏడాది, ఊళ్లో మరో రంగు దారం దొరక్క, బూఅజ్జా ఒక్కడే వాడాడు. అది హాజ్ మాతీ బుర్నూస్ ఎడమ భుజం!

చీటీ చూశాడు. దాని మీద 'తామూ' అని ఉంది.

గబగబా రెండోది లాగాడు. తోలు ముక్కలు, చుట్టూ రెండు వరసల కుట్టు. పంతులు మోచేతులు. చీటీ మీద పంతులు భార్య పేరు. మరొకటి తీశాడు. బట్టీవాడి చొక్కా కాలరు. నేసింది బట్టీవాడి భార్య!

డాక్టరు తాను కట్టిన కట్టును ఎక్కడైనా గుర్తుపడతాడో లేదో గాని, మాసికలు వేసేవాడు తన కుట్టును గుర్తుపట్టకపోవడం ఉండదు. పద్నాలుగు తివాచీల్లో పద్నాలుగు బట్టలు దొరికాయి. ప్రతి దొంగసొత్తు మీదా దొంగ పేరు అచ్చువేయించి, దాన్ని తిన్నగా కుట్టడానికి నిందితుణ్ణే పిలిచారు! నేరచరిత్రలో పోలీసులకు ఇంత సుఖం ఇచ్చిన కేసు మరొకటి ఉందా?

పద్నాలుగోది బూడిదరంగు చారలది. మెడ దగ్గర అతని తండ్రి స్వయంగా వేసుకున్న వంకర కుట్టు, దాని మీద బూఅజ్జా వేసిన తిన్నని కుట్టు.

చీటీ మీద 'ఇట్టో' అని ఉంది.

సూది వేలికి గుచ్చుకుంది. ముప్పైనాలుగేళ్లలో అది రెండోసారి. మొదటిసారి గుచ్చుకున్నది ఆ ఇట్టోతో పెళ్లి కుదిరిన రోజున.

మధ్యాహ్నం ఇంట్లో చిక్కుడుగింజల పులుసు వడ్డించింది ఇట్టో. బూఅజ్జా రొట్టె తుంచి ముంచాడు.

"మా నాన్న జెల్లాబా తివాచీలో బాగానే ఉంది."

గరిటె ఆగింది.

"ఎవరు చెప్పారు?"

"మెడ పట్టీ చెప్పింది."

ఇట్టో కూర్చుంది. ఒక్కసారిగా విరుచుకుపడింది.

"మరేం చేయమంటావయ్యా? ఈ ఊళ్లో పాతగుడ్డ ఎక్కడుంది? పెట్టెలో దాచిన పీలికలు మొదటి నెలకే అయిపోయాయి. తర్వాత మసిగుడ్డలు కోశాం. గాడిద మీద గంత కోశాం. అన్నీ అయిపోయాక సంతలో కొత్త చొక్కాలు కొనుక్కొచ్చి కోస్తే ఆ మదామ్ తిప్పి పంపింది! 'వీటిలో జీవం లేదు, మాసికలేవి?' అంది. మాసికలు కావాలట! పైకి కనబడాలట! కొనేవాళ్లకి అవంటేనే ముద్దట! మాసికలు ఎక్కడున్నాయి? నీ ఒంటి మీదున్నాయి!"

"నన్ను అడగాల్సింది."

"అడిగితే ఇచ్చేవాడివా?"

బూఅజ్జా నిజాయితీగా ఆలోచించాడు. "ఇచ్చేవాణ్ణి కాదు."

"అందుకే అడగలేదు. ఒప్పుకున్నవి నేయకపోతే సంఘంలోంచి పేరు తీసేస్తామన్నారు. ఎలాగూ ఊళ్లో దొంగ తిరుగుతున్నాడు కదా, వాడి నెత్తిన ఇంకొకటి రుద్దితే ఏం పోయిందనుకున్నాను."

బూఅజ్జా నోటిదాకా వెళ్లిన రొట్టె అక్కడే ఆగింది.

"అంటే... మిగతా పదమూడూ?"

"అవి దొంగే ఎత్తుకుపోయాడు! వాడి చేతులు పడిపోను! ఎదుటివాడి కష్టార్జితం అలా ఎలా ఎత్తుకుపోతాడో! అబద్ధమాడిన పాపిష్టిదాన్ని ఈ ఊళ్లో నేనొక్కదాన్నే."

బూఅజ్జా కళ్లు మూసుకున్నాడు. మొదట ఎవరో ఒకావిడ మొగుడికి భయపడి 'పోయింది' అంది. ఆ దొంగ మిగతావాళ్లకి అక్కరకొచ్చాడు. ఇప్పుడు పద్నాలుగిళ్లలో పద్నాలుగుమంది ఎవరికి వారే పాపిష్టివాళ్లనుకుని కుమిలిపోతున్నారు. అందరి సంగతీ తెలిసినవాడు లోకంలో అతనొక్కడే.

పేర్లు చెబితే కొట్టు దక్కుతుంది. కాని మసీదు ముందు పద్నాలుగుమంది ఆడవాళ్ల పరువు పోతుంది. వాళ్లలో ఇట్టో ఒకతె. చెప్పకపోతే ముప్పైనాలుగేళ్ల కొట్టు పోతుంది, పైగా చచ్చేదాకా దొంగ అన్న పేరు.

"రేపు నా పేరు చెప్పెయ్," అంది ఇట్టో నెమ్మదిగా. "ఒక్క జెల్లాబాకి నన్ను ఉరితీయరుగా."

"నోరు మూసుకుని పులుసు తాగు."

శుక్రవారం. అసర్ నమాజు అయింది. సంఘం హాలు ముందు లారీ ఆగి ఉంది. మగవాళ్లు చాపల మీద కూర్చున్నారు. వరండాలో ఆడవాళ్లు. మధ్యలో కుర్చీలో మదామ్ కెన్జా, పక్కన బల్ల, బల్ల వెనక కరకరలాడుతూ హాజ్ మాతీ.

అతిథి ఉండగా దొంగల పంచాయితీ మర్యాద కాదు కాబట్టి ముందు మదామ్ మాట్లాడింది.

"ఐన్ హజ్లా ప్రపంచానికే పాఠం చెప్పింది! ఒక్క గుడ్డముక్క వృథా కాలేదు! ఈ అరవై తివాచీలూ అప్పుడే అమ్ముడుపోయాయి. అందుకే ఒక శుభవార్త. వచ్చే ఏడాదికి ఆరువందలు!"

వరండాలో ఆడవాళ్లందరూ ఒక్కసారిగా ఎవరి భర్త ఒంటి మీద చొక్కా వైపు వాళ్లు చూశారు.

బూఅజ్జా ఆ చూపు చూశాడు. ఇంక ఆగలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"లల్లా కెన్జా, ఒక్క మాట. పాతబట్ట గొర్రె కాదు, ఏటా ఈనడానికి. చొక్కా పాతబడాలంటే ఎవడో ఒకడు పదేళ్లు దాన్ని తొడుక్కుని చెమటోడ్చాలి. చిరగాలి, కుట్టించుకోవాలి, మళ్లీ చిరగాలి. అంతవరకూ మీ లారీ ఆగుతుందా? ఆగదు. అరవైకే ఈ ఊళ్లో ముసలాళ్ల ఒంటిమీద పాతబట్ట లేకుండా పోయింది. ఆరువందలంటే మమ్మల్ని కూడా కోస్తారా?"

గుంపు నవ్వింది. మదామ్ కెన్జా నవ్వలేదు. ఆవిడ ముఖం ఎర్రబడింది.

"నన్ననడం అన్యాయం! నేను అరవై అడగనేలేదు. హాజ్ గారింట్లో టీ తాగుతూ 'ఒక ఆరు తివాచీలు దొరుకుతాయా' అన్నాను. ఆయనే 'ఆరేమిటమ్మా, నా ఊరు అంత పేదదా? అరవై రాసుకో!' అన్నారు."

చాపల మీద నవ్వు ఆగిపోయింది. ఐన్ హజ్లాలో అతిథి ఒక గ్లాసు టీ అడిగితే మూడు తాగించి పంపుతారు. అడిగినంతే ఇవ్వడం పిసినారి లక్షణం. టీ విషయంలో అది గొప్ప సంప్రదాయమే. టీ కాచుకుంటే వస్తుంది. 'అరవై ఎక్కడినుంచి వస్తాయి' అని మదామ్ కూడా అడగలేదనుకోండి. అరవై అన్నది చూడముచ్చటైన అంకె, దాన్ని ప్రశ్నలడిగి ఎవరు పాడుచేసుకుంటారు?

హాజ్ మాతీ గొంతు సవరించుకున్నాడు. జాకెట్ కరకరమంది.

"అది వేరే సంగతి! అతిథి మర్యాదకీ దొంగతనానికీ సంబంధం ఏమిటి? బూఅజ్జా, గడువు అయిపోయింది. పేరా? తాళంచెవా?"

బూఅజ్జా వరండా వైపు చూడలేదు. చూస్తే ఇట్టో నోరు తెరుస్తుందని అతనికి తెలుసు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"పేరు లేదు హాజ్. తీసుకోండి."

హాజ్ చెయ్యి చాపాడు. ఆ చేతికన్నా ముందు మరో చెయ్యి వచ్చి తాళంచెవి మీద పడింది.

లల్లా తామూ! వరండా మెట్లు ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు.

"నిన్న లేబుళ్లన్నీ ఇతనే కుట్టాడు," అంది ఆవిడ, ఊరందరికీ వినబడేలా. "మన బుర్నూస్ మీద నా పేరు కుట్టింది కూడా ఇతనే. అన్నీ తెలిసి నోరు విప్పలేదు. ఇతను మింగినట్టు నేను మింగలేను. ఆ బుర్నూస్ కోసింది నేను!"

వరండాలో పదమూడుమంది ఒక్కసారిగా ఊపిరి పీల్చారు. "నువ్వు కూడానా?" అంది పంతులు భార్య. "నువ్వు కూడానా అంటే, నువ్వూనా?" అంది బట్టీవాడి భార్య. ఇట్టో ఆ ఇద్దరినీ నోరు తెరుచుకుని చూస్తోంది.

"తామూ! లోపలికి పో!" అన్నాడు హాజ్ మాతీ. ఆ గొంతులో ఊరిపెద్ద లేడు.

"పోతాను. నీకు పేరు కావాలన్నావుగా, చెప్పి పోతాను." ఆవిడ తాళంచెవిని బూఅజ్జా అరచేతిలో పెట్టి, గుప్పిట మూసింది. "మేమందరం కత్తెర్లు పట్టుకున్నాం, నిజమే. కాని ఆరు పెట్టే చోట అరవై పెట్టించి, ఊళ్లో మగాళ్ల ఒంటిమీది బట్టలు ఊడదీయించిన దొంగ ఒక్కడే. రాసుకోండి మదామ్, మీ నోట్‌బుక్‌లో రాసుకోండి."

ఆవిడ భర్త వైపు తిరిగింది. మక్కా వెళ్లొచ్చిన పదకొండేళ్లలో ఊళ్లో ఒక్కరు కూడా ఆయన్ని బిరుదు లేకుండా పిలిచి ఎరగరు.

"మాతీ!"